ఆమె బుట్టలోది తిన్నవాళ్లే

పరాయి మనిషిని నలుగురూ కలిసి వెలివేసే కథల గురించిన ఒక వ్యాసం చదవగానే 1880లో వెలువడిన ఫ్రెంచ్ రచయిత మొపాసా కథ ‘బూల్ ద సూయిఫ్’ గుర్తొచ్చింది. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యం చేతిలో పడ్డ ఫ్రెంచ్ నగరం రువాన్ నుంచి బండిలో బయల్దేరిన పదిమందిలో ఒకామె వేశ్య. మొదట ఈసడించుకున్న పెద్దమనుషులే ఆకలేసేసరికి ఆమె బుట్టలోని కోడిమాంసం, వైన్ ఖాళీ చేస్తారు. దారిలో ప్రష్యన్ అధికారి బండి ఆపేసి, ఆమె తనతో గడిపితేనే వదుల్తానంటే, ఆమె ఒప్పుకోనన్నా నచ్చజెప్పి అతని దగ్గరికి పంపేదీ వాళ్లే. మాటసాయానికి ఒక నన్ కూడా! నాకు అక్కడే కడుపు మండిపోయింది.

మర్నాడు అందరూ పొట్లాలు విప్పుకుని తింటారు. హడావుడిలో ఏమీ తెచ్చుకోని ఆమెకు ఒక్కరూ ముక్క పెట్టరు. ఆమె కళ్లనీళ్లు చూసి ఒకావిడ గొణుగుతుంది: సిగ్గుతో ఏడుస్తోందని.