మారని రైతుకు మరో సదస్సు

గోదావరి డెల్టా సన్నకారు రైతుకు మేలురకం వరి విత్తనమంటే పడదని పెద్దలు నివేదికలో తేల్చేశారు. రుజువు కూడా చూపిస్తున్నారు: సార్వా (ఖరీఫ్) వస్తే చాలు, ఇప్పటికీ స్వర్ణ రకమే అడుగుతాడట. ఆ స్వర్ణ, అనగా ఎంటీయూ 7029, మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన మేలురకమే. అప్పట్లో దాన్ని వేస్తే అభ్యుదయం, ఇప్పుడు వదలకపోతే మూఢత్వం. దాళ్వాకు (రబీకి) 120 రోజుల కాటన్‌దొర సన్నాలు రకం దొరికితే ఎగబడి నాట్లు ఊడ్చిందీ ఈ మూఢుడే. ఆ సంగతి నివేదికలో పట్టలేదు కాబోలు.

అతని మొండితనానికీ ఒక పద్ధతుంది. కొత్త రకం ఇస్తే ముందు బోదె చివరి మడిలో నాలుగు సెంట్లు ఊడుస్తాడు. పక్క మడిలో స్వర్ణ ఉంటుంది. ఎరువు, నీరు రెండింటికీ ఒకటే. పిలకలెన్ని వేసింది, సుడిదోమ ముందు దేన్ని పట్టింది, ఈదురుగాలికి ఏది పడింది, మిల్లులో నూక ఎంత పోయింది, మధ్యాహ్నం అన్నం రాత్రికి గట్టిపడిందా, గడ్డి గేదె ముట్టిందా, అన్నీ చూస్తాడు. ఇదే పని కోటు వేసుకున్నవారు చేస్తే తులనాత్మక ప్రయోగం. పంచె కట్టుకున్నవాడు చేస్తే అపనమ్మకం.

ముంపు తట్టుకునే జన్యువున్న స్వర్ణ సబ్ 1 ఇచ్చాం కదా అంటారు. మంచి రకమే, ఇందులో వెటకారం లేదు. పైరు రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. కానీ ఆ జన్యువు ఆదుకునేది పైరు ఇంకా పిలకలు వేసే దశలో ఉండగా, అంటే జూలై, ఆగస్టు వరదలకు. తుఫాను దిగేది అక్టోబరు, నవంబరులో. అప్పటికి 150 రోజుల పైరు ఈనికలోనో, గింజ గట్టిపడుతూనో ఉంటుంది. నేలకొరిగిన వెన్ను నీళ్లలో నానితే గింజ చేలోనే మొలకెత్తుతుంది. ఆ పూట కావలసింది గుర్రపుడెక్క తీసిన మురుగు కాలువ. అది మాత్రం మార్టేరులో తయారు కాదు.

కొత్తగా కోసిన విత్తనానికి నిద్రావస్థ ఉంటే, అంటే వెంటనే మొలకెత్తకపోతే, లీటరు నీటికి గాఢ నత్రికామ్లం 6.3 మి.లీ., నిద్ర మరీ గాఢమైతే 10 మి.లీ. కలిపి, 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మొలకకు మండె కట్టమంటారు. కాలువల శాఖ నిద్రకు ఎంత మోతాదో ఇంకా సిఫారసు కాలేదు.

ఇక మిల్లరు. ధాన్యంలో తేమ కొనుగోలు హద్దయిన 17 శాతంలోపే ఉన్నా, పేరు తెలియని రకం చూడగానే, ‘ఇది మాకు నడవదండీ’ అంటాడు. కౌలు రైతుకైతే రకం పండినా ఎండినా ముందే ఒప్పుకున్న మక్తా (కౌలు) బస్తాలు కొలవక తప్పదు.

కాబట్టి అవగాహన సదస్సు పెట్టాల్సిందే. ముందు వరుసలో మిల్లరును, చేను ఆసామిని, కాలువల ఇంజనీరును కూర్చోబెట్టి, రైతుకు మైకు ఇవ్వండి. ఊడ్పుల రోజున మాత్రం పెట్టకండి. ఆ రోజు అతను రాడు, రాలేదు కనుక మారలేదని మళ్లీ రాసుకుపోతారు.