పాత ఎన్‌ఫీల్డ్‌కు గురి కుదరకపోతే తుపాకీ మందు పెంచడం పరిష్కారం కాదు

మూతి వైపు నుంచి మందు, తూటా నింపే పాత రైఫిళ్లు కాల్చేవాళ్లలో ఒక సలహా బాగా తిరుగుతోంది: "గురి కుదరకపోతే మందు పెంచండి, గట్టి సీసంతో తూటాలు పోయండి, ర్యామ్‌రాడ్‌తో (తూటాను లోపలికి నెట్టే కడ్డీ) దంచి దించండి, గొట్టం లోపల ఎమరీతో (గరుకు రాతిపొడి) రుద్దండి." నాలుగూ తప్పే. బ్రిటిష్ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌నే తీసుకుందాం: .577 అంగుళాల గొట్టం, పొడవు 39 అంగుళాలు, తూటాను తిప్పడానికి లోపల మెలితిరిగిన మూడు గాడులు, అవి 78 అంగుళాలకు ఒక చుట్టు.

ముందు మందు సంగతి. అప్పటి సైన్యం 530 గ్రెయిన్ల తూటాకు సుమారు 68 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) బ్లాక్ పౌడర్, అంటే పొగ వచ్చే పాతకాలపు మందు, వాడింది, నిజమే. కానీ ఆ తూటాను కాగితం చుట్టి దించేవారు. ఇప్పుడు చాలామంది పోసే మినీ తూటాకు వెనక బోలు, దాని చుట్టూ పల్చటి అంచు ఉంటాయి. మందు మండగానే ఆ అంచు విచ్చుకుని గాడుల్ని పట్టుకోవాలి. మందు ఎక్కువైతే మూతి దాటేటప్పుడు అంచు గంటలా విచ్చుకుంటుంది, అదీ ఒక పక్కకే. అలాంటి తూటా తిన్నగా పోదు. లక్ష్యం కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాక కోలగా పడితే అనుమానించాల్సింది దీన్నే. 40 గ్రెయిన్లతో మొదలుపెట్టి ఐదేసి పెంచుతూ, ఒక్కో మోతాదుకు ఐదు తూటాలు, 50 గజాల దూరంలో, రైఫిల్‌ను ఇసుక సంచిమీద ఆనించి కాల్చాలి. తూటా రంధ్రాల గుంపు బిగిసిన చోటే ఆగాలి, అది 60కి లోపే దొరకడం మామూలు. పొగలేని మందు ఒక్క చిటికెడు కూడా వద్దు, గొట్టం పేలిపోతుంది.

గట్టి సీసం మాట మరీ తప్పు. పాత కారు చక్రాల బరువుల సీసంలో ఆంటిమొనీ ఉంటుంది. ఆ అంచు విచ్చుకోనే విచ్చుకోదు, తూటా గాడుల్ని పట్టకుండా జారిపోతుంది. మెత్తటి స్వచ్ఛమైన సీసమే కావాలి, గోటితో గీస్తే గీత పడాలి. పోశాక ఒక్కొక్కటీ తూచండి: మిగతావాటికంటే రెండు మూడు గ్రెయిన్లు తక్కువుంటే లోపల గాలి బుడగ ఉన్నట్టే, మళ్లీ కరిగించండి. అంచు మీద ముడతలున్నా అంతే.

గురి కుదరకపోవడానికి మాకు తెలిసిన అతి పెద్ద కారణం కొలత. పేరు .577 అయినా పాత గొట్టాలు అటూ ఇటూ ఉంటాయి. పిన్ గేజ్‌లతో (కచ్చితమైన మందమున్న కొలత కడ్డీలు) కొలవండి. ర్యామ్‌రాడ్ రాపిడికి మూతి అరిగి వెడల్పయి ఉండొచ్చు కాబట్టి గేజ్ మూతిని దాటి అంగుళమైనా లోపలికి దిగాలి. కొలత .578 వస్తే తూటాను .577 లేదా .576కు సైజింగ్ డైలో (తూటాను నెట్టి సరైన మందానికి తెచ్చే అచ్చు) తీయాలి. అంతకంటే వదులైతే ఏ మోతాదూ కాపాడదు.

దంచడం కూడదు. ముక్కు చదునై తూటా వంకరపోతుంది. మందు మీద ఆనేదాకా ఒకే బలంతో నెట్టాలి, ఖాళీ వదిలితే గొట్టం ఉబ్బుతుంది. ర్యామ్‌రాడ్ మీద గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ ఒకేచోట దిగిందీ లేనిదీ తెలుస్తుంది. దిగడం కష్టమవుతుంటే అది మసి పేరుకోవడం. తేనెమైనం, పశువుల కొవ్వు సమపాళ్లలో కరిగించి కలిపి తూటాకు పూస్తే మసి మెత్తగా ఉంటుంది. పెట్రోలియం గ్రీజు మాత్రం తారులా అంటుకుంటుంది.

ఎమరీ గాడుల అంచుల్ని మొద్దుబారుస్తుంది. పోయిన లోహం తిరిగి రాదు. మూతి అరిగితే నిపుణుడైన గన్‌స్మిత్ చూడాలి. శుభ్రం చేసేటప్పుడు కడ్డీ మూతికి రాసుకోకుండా గైడ్ వాడండి. గొట్టంలో ఎప్పటిదో మందు మిగిలి ఉండటం పాత రైఫిళ్లలో కొత్తేం కాదు, అందుకే ముందుగా కడ్డీ దించి లోతు కొలవండి.

ఇవన్నీ చేసినా గుంపు బిగియకపోతే నిపుల్ (మందును అంటించే క్యాప్ తొడిగే చిన్న మొన) రంధ్రం కాలి పెద్దదయిందేమో చూడండి. కొత్తది బిగించి, అసలుదాన్ని భద్రంగా దాచండి. తూటాలన్నీ ఒకేచోట పైకి పడుతుంటే అది గురి లోపం కాదు, సైట్ (గురి చూసే మొన) లోపం: గొట్టం మూతి దగ్గరి సైట్ ఎత్తు పెరగాలి. అసలుదాన్ని ముట్టకుండా, తీయడానికి వీలయ్యే ఎత్తు ముక్క దాని మీద బిగించండి.