కలకీ చేపకీ వరస కుదిరింది

ఫిన్‌లాండ్ వాళ్ళు చేపని 'కల' అంటారని తెలిసిన రోజు నుంచి మా కాలవగట్టు టీకొట్టు దగ్గర ఎవరికీ నిద్ర లేదు. పులసని కలలో తప్ప తినలేని మనవాడెవడో పూర్వం ఆ దేశం పోయి, చేప కనబడినప్పుడల్లా 'కల, కల' అని కలవరించి ఉంటాడనీ, వాళ్ళు దాని పేరే అదనుకున్నారనీ మా మేష్టారు తేల్చేశారు.

ఆధారం అడిగాను. "అచ్చు మన మాటేగదోయ్, ఇంకేం కావాలి?" అన్నారు.

ఆయన్ని అనకూడదు లెండి. రాజమండ్రిలో బస్సెక్కితే పక్క సీటువాడితో రావులపాలెం వచ్చేలోగా వరస కలిపే నేల ఇది. కొత్తపేటలో అన్నయ్యగారైనవాడు అమలాపురంలో బావగారై దిగుతాడు. మనుషులకి లేని అడ్డు మాటలకెందుకు?

పేచీ అంతా భాషాశాస్త్రం వాళ్ళది. ఒక్క మాట కలిస్తే చాలదట, ధ్వనుల వరస కలవాలట. ఫిన్నిష్ 'కల' హంగేరియన్‌లో 'హల్'. మూడుని వీళ్ళు 'కొల్మె' అంటే వాళ్ళు 'హారొమ్' అంటారు. ఇలా 'క'కి 'హ' వరసగా పలికితేనే చుట్టరికం. మన చెవి కన్నడంలో 'కివి', చెయ్యి 'కై' అయినట్టు. మన కలకి సొంత బంధువులు తమిళ 'కనవు', కన్నడ 'కనసు'. చేపలెవరూ లేరు.

మేష్టారు తగ్గలేదు. హవాయి భాషలో 'కాలా' అంటే డబ్బు అని పట్టుకొచ్చారు. అది ఇంగ్లీషు డాలరే. ఆ భాషలో 'డ' లేకపోబట్టి 'క' అయింది. "కల, చేప, డబ్బు. మూడూ కలిపితే పులస కాదుటోయ్?" అన్నారు. యానాం రేవులో వేలంపాట చూసినవాణ్ణి, కాదనలేకపోయాను.

అయినా ఇంతకన్నా గొప్ప ధ్వని సూత్రం మా దగ్గరే ఉంది. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరద ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకొస్తే పులస. 'ఇ' పోయి 'పు' వస్తుంది, ఆ ఒక్క అక్షరానికి వేల రూపాయలు. ఈమధ్య ఈదడం కూడా అక్కర్లేదు. ఒడిశా నుంచి ఐసుపెట్టెలో లారీ ఎక్కిన ఇలసకి జొన్నాడ వంతెన దాటగానే ఆ మార్పు జరిగిపోతోంది.

పోయినేడు నేను కొన్నదానిమీద మా ఆవిడకి అనుమానం వచ్చింది. మేష్టారిని భోజనానికి పిలిచాం. ఆయన బెండకాయలతో సహా రెండు ముక్కలు కానిచ్చి, పళ్ళ సందున ముల్లు తీసుకుంటూ, మూలరూపం ఇలసే అని నిర్ధారించారు.