రాత్రి పూట కూడా ఒకసారి వెళ్లి చూడండి

ఇల్లు వెతుక్కునేటప్పుడు మంచి వీధిని ఎలా ఎంచుకోవాలో చెప్పే వ్యాసం ఒకటి చదివాను. పార్కు, బడి దగ్గరగా ఉంటే ఆ వీధి కుటుంబాలకు అనువైనదే అని అందులో తేల్చేశారు. బడి మాట సరే. కానీ సెలవు రోజు పొద్దున్నే వెళ్లి ఇల్లు చూస్తే ఏ వీధైనా ప్రశాంతంగానే కనిపిస్తుంది. పనిరోజు సాయంత్రం బడి వదిలే వేళకు, మళ్లీ రాత్రి పదకొండు దాటాక వెళ్లి కాసేపు నిలబడాలి. మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి బండ్లన్నీ ఆ వీధిలోంచే దూరుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది.

రోడ్డు ట్రాఫిక్ శబ్దం రాత్రిళ్లు సగటున 45 డెసిబెల్స్ లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సూచించింది. 55 అంటే కాస్తే ఎక్కువ అనుకోకండి, పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతలా వినిపిస్తుంది. ఫోన్ యాప్‌లు కచ్చితంగా కొలవలేవు గానీ, ఒకే ఫోన్‌తో రెండు వీధుల్ని పోల్చుకోవడానికి పనికొస్తాయి. పడకగది వెనకవైపు ఉంటే బిల్డింగే అడ్డుగోడ అవుతుంది, కాబట్టి వీధి నచ్చినా గది ఎటువైపు ఉందో చూసుకోండి.

అలాగని మనిషి అలికిడే లేని వీధి నాకైతే నచ్చదు. పిల్లలు బయట ఆడుకునేటప్పుడు వరండాల్లో నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉంటేనే టెన్షన్ ఉండదు.

వ్యాసంలో అసలు రానిది పక్కనున్న ఖాళీ స్థలం. ఇవాళ గాలీ వెలుతురూ ఇస్తుంది, రేపు అక్కడ పునాదులు తవ్వడం మొదలైతే ఏళ్ల తరబడి దుమ్మూ మోతా తప్పవు. అది ఎవరిది, అక్కడ కట్టడానికి అనుమతి ఉందా అన్నది ముందే కనుక్కోండి.