‘కాదు కదా’ అంటే ఔననే!

ఒక అమ్మాయి చిగురాకులాంటి పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటుకుని ఉంది. ‘ఏమొకో చిగురుటధరమున యెడనెడ కస్తూరి నిండెను, భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు కదా’ అన్నాడు అన్నమయ్య. ఎర్రటి చిగురాకు మీద నల్లటి మరకలు, ఆమె ప్రియుడికి రాసిన ఉత్తరంలోని అక్షరాల్లా కనిపించాయి. ఆకుల మీద రాసుకునే రోజుల్లో పుట్టిన పోలిక ఇది.

ఈ పాటకు అర్థం చెప్పమంటే చాలామంది నేరుగా జీవాత్మ, పరమాత్మల దగ్గరికి వెళ్లిపోతారు. శృంగారం అనగానే ఏదో ఇబ్బంది. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. అన్నమయ్య కుటుంబమైన తాళ్లపాక వారే రాగిరేకుల మీద అధ్యాత్మ సంకీర్తనలను, శృంగార సంకీర్తనలను విడివిడిగా చెక్కించారు. మనం దాచేయాలని చూస్తున్నదాన్ని వాళ్లు పేరు పెట్టి మరీ దాచి ఉంచారు.

పాటకు ప్రాణమంతా ‘కాదు కదా’లో ఉంది. ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకుని అమ్మ ‘సినిమాకి వెళ్లలేదు కదా’ అని అడిగితే, వెళ్లాడని ఆవిడకి తెలుసనే అర్థం. ఇక్కడా అంతే. చెలికత్తెలు తెలిసే అడుగుతున్నారు. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడకపోయినా ఒళ్లంతా చెప్పేస్తోంది.

మొదటి చరణం చూడండి. ఆమె కంటి కొసలు ఎర్రబడ్డాయి. రాత్రంతా నిద్ర లేదని మామూలుగా అనేయొచ్చు. అన్నమయ్య అలా అనలేదు. ఆమె కొనచూపులు బాణాల్లా వెళ్లి ప్రాణేశ్వరుడిలో నాటుకున్నాయి. వాటిని నిలువునా పెరికితే అంటిన ‘నెత్తురు కాదు కదా’ అన్నాడు. అంటే ఆ ఎరుపు ఆమెది కాదు, అతనిది. గాయపడ్డది మగవాడు, బాణం వేసింది ఆడది. పోలిక తీసేసి ఈ మాట చెప్పి చూడండి, కోరిక కూడా పోతుంది. ఉపమానం ఇక్కడ శృంగారానికి వేసిన ముసుగు కాదు, దాని ఒళ్లే.

ఇంకొకటి. అతను పల్లవిలో విభుడు, తర్వాత ప్రాణేశ్వరుడు, ఆ తర్వాత ప్రియుడు. తిరువేంకటపతి అన్న పేరు ఆఖరి చరణంలో గానీ రాదు. దేవుడి పేరు వచ్చాక పాట చల్లబడుతుందేమో అనుకుంటాం. కానీ ఆ పేరు ముందు ‘గద్దరి’ అని ఉంది, గడుసువాడని. చెక్కిళ్ల పక్కన ముత్యాల్లా మెరుస్తున్నవి అతని కౌగిట్లో పట్టిన చెమటలు కాదు కదా అని అడిగేదీ అక్కడే.