నూనె పోసినంత మాత్రాన మష్రూమ్ ఆవకాయ అయిపోదు

ఈ వారంలో ఆ వీడియో నాకు మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా పెద్దమ్మ. "పొయ్యి వెలిగించకుండా మష్రూమ్ ఆవకాయ, ఏడాది నిల్వ" అని పైన పెద్ద అక్షరాలు. చూడని వాళ్ళకోసం అందులో ఏముందో చెప్తాను. మష్రూమ్స్ కడగొద్దు, గుడ్డతో తుడిస్తే చాలట. వండితే పోషకాలు పోతాయి కాబట్టి పచ్చివే ముక్కలు కోసి కారం, ఉప్పు, ఆవపిండి, వెల్లుల్లి రెబ్బలు కలపాలట. మునిగేదాకా నూనె పోస్తే ఇక గాలి తగలదు, ఏడాది బయటే ఉంటుంది, అమెరికాలో ఉన్న పిల్లలకి పార్సిల్ కూడా చేసెయ్యొచ్చట. నిమ్మరసం, వెనిగర్ అక్కర్లేదు, పాడైతే వాసనే చెప్తుందట. వీడియో కింద పెద్దమ్మ ఒక్క మాట రాసింది: "అన్నయ్యకి పంపుదామా?"

ఆ మాట చూశాకే ఇది రాయాలనిపించింది.

ముందు కడగడం సంగతి, అది చిన్నదే. మష్రూమ్ స్పాంజిలా నీళ్ళు పీల్చేస్తుందని అందరూ అంటారు. మొన్న ఒక 200 గ్రాముల పాకెట్ విప్పి, కుళాయి కింద బాగా కడిగి, చిల్లుల గిన్నెలో వార్చి మళ్ళీ కాటా మీద పెట్టాను. 206 గ్రాములు. ఆ ఆరు గ్రాములు కూడా పైన అంటుకున్న తడే అయ్యుంటుంది. అసలు మష్రూమ్‌లో 90 శాతం పైన నీళ్ళే, మనం కొత్తగా పోసేదేముంది? కాండం మొదట్లో అంటుకున్న ఆ నల్లటి మట్టితో పచ్చడి పెట్టడం కంటే కడుక్కోవడమే మేలు.

పచ్చివే వెయ్యాలన్న మాట మీద నాకు సొంత అనుభవమే ఉంది. రెండేళ్ళ కిందట ఇలాంటి రెసిపీ ఏదో చూసి అచ్చం ఇలాగే కలిపాను. మొదటిరోజు సీసా చూడముచ్చటగా ఉంది. మూడోరోజుకి నూనె మొత్తం పైకి తేలి, దాని కింద రెండు వేళ్ళ మందాన నల్లటి నీళ్ళు, ఆ నీళ్ళలో ముక్కలు రబ్బరు ముక్కల్లా వేలాడుతున్నాయి. ఉప్పు తగలగానే మష్రూమ్ తనలో ఉన్న నీళ్ళన్నీ వదిలేస్తుంది కదా, అవి ఎక్కడికి పోతాయి? ఇక పోషకాలు పోతాయన్న బెంగ ఉంటే, పచ్చి మష్రూమ్ గోడలు కైటిన్‌తో కట్టినవి, రొయ్య పెంకులో ఉండే పదార్థమే అది, సరిగా అరగదు. వండితేనే ఒంటికి పట్టేది.

అసలు ప్రమాదం నూనె దగ్గరుంది. "గాలి తగలదు" అన్నది నిజమే, చిక్కు కూడా అదే. క్లోస్ట్రీడియం బోట్యులినమ్ అనే బాక్టీరియాకి గాలి లేని చోటే కావాలి. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి గట్టి రూపాలు, మట్టిలో ఉంటాయి, మష్రూమ్ పెరిగేది ఎక్కడో వేరే చెప్పక్కర్లేదు. మరిగే నీళ్ళకి కూడా ఆ స్పోర్లు చావవు, వాటికి 121 డిగ్రీల వేడి కావాలి. నూనె కింద, తడిగా, పులుపు లేకుండా, వంటగది వేడిలో వారాల తరబడి ఉంచితే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. కంటి రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనపడటం, ముద్ద మింగుడు పడకపోవడం, చివరికి ఊపిరి అందకపోవడం, ఇదీ బోట్యులిజం వరస. రష్యాలో ఇంట్లో సీసాల్లో నిల్వపెట్టిన పుట్టగొడుగులు ఈ జబ్బుకి పేరుమోసిన కారణం.

ఇది చెప్తే పెద్దమ్మ వెంటనే ఫోన్ చేసింది. "మరి మనం ఆవకాయలో వెల్లుల్లి వేసి, నూనె పోసి ఏడాది తింటున్నాంగా, ఎవరికేమైందే?" మంచి ప్రశ్న. ఆవకాయని ఏడాది కాపాడేది నూనె కాదు, మామిడికాయ. ఆ పులుపు ముక్కలోనే ఉంది, ఊట ఊరి వెల్లుల్లికి కూడా పడుతుంది. పులుపుని కొలిచే లెక్క పీహెచ్, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే ఈ బాక్టీరియా పెరగలేదు, పుల్లటి మామిడికాయది మూడు చుట్టుపక్కల ఉంటుంది. మష్రూమ్‌ది ఆరు పైనే. పైగా ఆవకాయకి ఉప్పు ఎంత పోస్తాం? గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, ఇంచుమించు గిన్నెడు ఉప్పు. వీడియోలో అరకిలో మష్రూమ్‌కి రెండు చెంచాలు. లెక్కేస్తే వదిలిన నీళ్ళలో మూడు శాతం కూడా రాదు, ఒక్క ఉప్పుతోనే ఈ బాక్టీరియాని ఆపాలంటే పది శాతం దాకా కావాలి. అంత ఉప్పేస్తే తినేవాళ్ళెవరు.

వెల్లుల్లి గురించి ఇంకో ముక్క. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో సోయా నూనెలో తరిగిన వెల్లుల్లి సీసా వాడారు, ఫ్రిజ్‌లో పెట్టలేదు. 36 మందికి బోట్యులిజం వచ్చింది. తర్వాత 1989లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నూనెలో వెల్లుల్లి అమ్మాలంటే పులుపు పదార్థం కలిపి తీరాలంది. ఈ వీడియోలో వెల్లుల్లీ ఉంది, మష్రూమూ ఉంది, పులుపు మాత్రం లేదు.

కాబట్టి నిమ్మరసం, వెనిగర్ రుచి కోసం వేసేవి కావు, ఈ పచ్చడికి మామిడికాయ చేసే పని అవి చెయ్యాలి. "బెంజోయేట్ చిటికెడు వేస్తే సరి" అని ఎవరో సలహా కూడా ఇచ్చారు, నిల్వ కోసం కలిపే ఆ పొడి కూడా పులుపు ఉంటేనే పనిచేస్తుంది.

వాసన మాట: బూజుకి వాసన ఉంటుంది, ముక్కిపోతే ఆ వాసనా తెలుస్తుంది. ఈ విషానికి రంగు లేదు, రుచి లేదు, చాలాసార్లు వాసనా ఉండదు. రుచి చూసి తేల్చుకుందాం అనుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

నేనిప్పుడు ఎలా పెడతానంటే, ఇది ఆవకాయ వరస కాదు, మన కోడి పచ్చడి వరస. అరకిలో బటన్ మష్రూమ్ కడిగి, తుడిచి, రెండేసి ముక్కలు కోసి, నూనె లేకుండా ఉత్త మూకుడులో ఉప్పేసి సెగ పెడతాను. ఐదు నిమిషాల్లో మూకుడు నిండా నీళ్ళూరతాయి, కంగారు పడి వంచెయ్యకండి, ఇగరనివ్వండి. ఇరవై నిమిషాలకి ముక్కలు గరిటె తగిలితే కిచకిచమంటాయి, అప్పుడు నూనె పోసి అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. అరకిలో కాస్తా గుప్పెడు మిగులుతుంది, ఏడుపొస్తుంది, కానీ అదే పచ్చడి. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేగాలి. కారం, వేయించిన ఆవ మెంతి పిండి కలిపి, చల్లారాక మూడు పెద్ద నిమ్మకాయల రసం. ఆ తర్వాత తిన్నగా ఫ్రిజ్‌లోకి, పొడి చెంచాతో వాడి రెండు వారాల్లో ఖాళీ చెయ్యడం. ఇంట్లో పీహెచ్ కొలిచే సాధనం మనకి ఉండదు, అందుకే ఇన్ని నిమ్మకాయలు పిండాక కూడా ఫ్రిజ్ మానను, పార్సిల్ అసలే చెయ్యను. పొలం గట్టున దొరికినవి వెయ్యొచ్చా అని అడిగేవాళ్ళకి: వాటితో కలిపి వండిన వెల్లుల్లి నల్లబడకపోతే మంచివే అన్న పరీక్ష ఉత్తదే, విషపు పుట్టగొడుగుల్లో ఉండే అమటాక్సిన్‌ని వంట కూడా ఏమీ చెయ్యలేదు. కొన్నవే వాడండి.

పెద్దమ్మ నిన్న రెండు కట్టల గోంగూర తెప్పించి ఆరబెట్టింది. అన్నయ్యకి అది వెళ్తోంది.