ముందు 63 ఎపిసోడ్లు, ఆ తర్వాతే టికెట్టు

తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలు రెండూ వెంటనే జోక్యం చేసుకోవాల్సిన విషయం ఒకటుంది. తాగునీరు, రోడ్లు, ఉద్యోగాలు లాంటి చిన్నాచితకా వ్యవహారాలు కాసేపు పక్కన పెట్టినా కొంపలేం మునగవు. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ అనే జపాన్ యానిమే (యానిమేషన్) సినిమా తెలుగు డబ్బింగుతో సహా మన థియేటర్లలోకి దిగింది. కౌంటర్లో డబ్బులిచ్చిన ప్రతివాడికీ టికెట్ ఇచ్చేశారు. ఆన్‌లైన్లో అయితే ఓటీపీ తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ మనిషికి ఆ సినిమా చూసే అర్హత ఉందా లేదా అని విచారించిన నాథుడే లేడు.

అర్హత ఏమిటని అడిగేవాళ్లుంటారు, వాళ్ల గురించే నా బాధ. ఇది విడిగా పుట్టిన సినిమా కాదు. 2019 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలై 2024 జూన్ ఆఖరి దాకా నడిచిన 63 ఎపిసోడ్ల సీరియల్‌కి కొనసాగింపు. ఎపిసోడ్‌కి 24 నిమిషాలు వేసుకున్నా పాతిక గంటలు దాటుతుంది. బొగ్గులమ్ముకునే తాన్జిరో అనే కుర్రాడి ఇంటిల్లిపాదినీ ముజాన్ అనే రాక్షసుడు చంపేస్తాడు. మిగిలిన ఒక్క చెల్లెలు నెజుకో కాస్తా రాక్షసిగా మారిపోతుంది. ఆమెను మళ్లీ మనిషిని చేయాలని వీడు కత్తి పడతాడు. పాతిక గంటల కథకు మూడు ముక్కల్లో ఇచ్చిన ఈ సారాంశంతో సరిపెట్టుకుని థియేటర్‌కి పోదామనుకుంటున్న పాఠకుల్ని నేను ముందే గట్టిగా హెచ్చరిస్తున్నాను. సినిమా మీ కోసం ఎక్కడా ఆగదు. ఎవరు ఎవరో చెప్పదు. 155 నిమిషాలపాటు తెర మీద ఎవరో ఎవర్నో నరుకుతుంటారు, పక్క సీట్లో ఆకుపచ్చ, నలుపు గళ్ల కోటు తొడుక్కొచ్చిన పిల్లాడు వెక్కివెక్కి ఏడుస్తుంటాడు. మీరు మాత్రం సమోసా చల్లారిపోయిందేమిటా అని చూసుకుంటుంటారు.

నిజానికి ఆ పిల్లాడి నిగ్రహానికి సన్మానం చేయాలి. 2024 జూన్ 30న టీవీలో వచ్చిన చివరి ఎపిసోడ్ ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకోండి. కాళ్ల కింద నేల తెరుచుకుని హీరోలందరూ అంతూ దరీ లేని కోటలోకి పడిపోతూ ఉంటారు. అక్కడ ఆపేశారు. సినిమా జపాన్‌లో విడుదలైంది 2025 జులై 18న. అంటే ఏడాది మీద రెండు వారాలకు పైగా వాళ్లంతా గాల్లోనే ఉన్నారన్నమాట. త్రిశంకుడికి కనీసం విశ్వామిత్రుడు ప్రత్యేకంగా ఓ స్వర్గం కట్టించి ఇచ్చాడు. వీళ్లకి ట్రైలర్లిచ్చారు.

మనం మరీ నవ్వక్కర్లేదు. 2015 జులైలో కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో చెప్పకుండా ఇంటికి పంపిస్తే, 2017 ఏప్రిల్ దాకా నోరెత్తకుండా కూర్చున్న జాతి మనది. ఆఫీసుల్లో, పెళ్లిళ్లలో, చివరికి పదో రోజు భోజనాల దగ్గర కూడా అదే ప్రశ్న వేసుకున్నాం తప్ప, ఒక్కడైనా వినియోగదారుల ఫోరంకి వెళ్లాలన్న ఆలోచన చేయలేదు. తేడా ఒక్కటే. మన ప్రశ్నకు జవాబు రాజమౌళి దగ్గర మాత్రమే ఉంది. డీమన్ స్లేయర్‌కి మూలమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2020 మేలోనే 205వ అధ్యాయంతో అయిపోయింది. ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, ఆఖరికి ఏమవుతుంది అన్నీ అచ్చై పుస్తకాల షాపుల్లో ఉన్నాయి. మొదటి రోజు మొదటి షోకి పరిగెత్తినవాళ్లలో సగానికి సగం కథంతా కంఠతా వచ్చినవాళ్లే. తెలియని కథ కోసం టికెట్ కొనడం పాతకాలపు బలహీనత అని నిరూపించిన ఘనత వీళ్లది.

ఇక అమ్మినవాళ్ల తెలివి గురించి ఎంత రాసినా తక్కువే. మొదట 2019లో 26 ఎపిసోడ్లు టీవీలో వేశారు. సరిగ్గా హీరో బృందం రైలెక్కే చోట ఆపేసి, మిగతాది 2020 అక్టోబర్‌లో ‘ముగెన్ ట్రెయిన్’ సినిమాగా తీసి టికెట్ పెట్టారు. జనం విరగబడి చూశారు. మరుసటేడు అదే సినిమాను ఆరు ముక్కలు చేసి, ముందు కొత్తది ఒకటి అతికించి, మళ్లీ టీవీలో ఏడు ఎపిసోడ్లుగా వేశారు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే పులిహోర కలపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది కాబట్టి దీన్ని నేను తప్పు పట్టను. కానీ 2023 ఫిబ్రవరిలో ఏం చేశారో చూడండి. అంతకుముందు టీవీలో అయిపోయిన సీజన్‌లోని చివరి రెండు ఎపిసోడ్లకి రాబోయే సీజన్ మొదటి ఎపిసోడ్ కలిపి థియేటర్లో వేశారు. 2024లో మళ్లీ అదే పని: పాతది ఒకటి, కొత్తది ఒకటి. పాత ఎపిసోడ్‌ని పెద్ద తెర మీద చూడ్డానికి డబ్బులిచ్చి, దాన్ని పండగలా చేసుకుని, బయటికొచ్చి సెల్ఫీలు దిగే ప్రేక్షకుడు ఏ నిర్మాతకైనా పూర్వజన్మ సుకృతం ఉంటే తప్ప దొరకడు. ఇప్పుడొచ్చిన ఇన్ఫినిటీ క్యాజిల్ కూడా మూడు సినిమాల్లో మొదటిది మాత్రమే. మిగతా రెండింటికీ డబ్బులు దాచుకోవడం మొదలుపెట్టండి.

దీన్ని వ్యాపారం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇది జాతీయ సమైక్యత. 2020లో ముగెన్ ట్రెయిన్ వచ్చిన రోజు తోక్యోలోని షింజుకులో ఒక్క మల్టీప్లెక్స్‌లోనే 42 షోలు పడ్డాయి. కరోనా కాలంలో నిజం రైళ్లు ఖాళీగా తిరుగుతుంటే ఈ రైలు మాత్రం హౌస్‌ఫుల్. పది రోజుల్లో వెయ్యి కోట్ల యెన్‌లు దాటింది. జపాన్ వసూళ్లలో 2001 నుంచి యానిమే దర్శకుడు మియజాకి సినిమా పేరు మీద ఉన్న రికార్డు ఆ ఏడాది డిసెంబర్‌లో పోయింది. చివరికి జపాన్‌లో మొత్తం వసూళ్లు నాలుగు వేల కోట్ల యెన్‌లు మించాయి. అప్పటి ప్రధాని సుగా అదే నవంబర్‌లో పార్లమెంటు బడ్జెట్ కమిటీలో నిలబడి, ప్రతిపక్షాల ప్రశ్నలకు ‘పూర్తి ఏకాగ్రత శ్వాస’తో జవాబు చెబుతానని తాన్జిరో డైలాగు కొట్టారు. మన అసెంబ్లీల్లో ఈ మాత్రం సాహిత్య స్పృహ ఉందా? సినిమా డైలాగులు మనవాళ్లూ కొడతారు, కాదనను. శ్వాస మీద మాత్రం ఎవరికీ అదుపు ఉండదు.

ముగెన్ ట్రెయిన్‌లో రెంగోకు అనే వీరుడు ఉంటాడు. రైల్లో కూర్చుని డబ్బా మీద డబ్బా భోజనం లాగించేస్తూ, ప్రతి ముద్దకీ బోగీ అదిరేలా ‘ఉమాయ్!’ అని అరుస్తాడు. రుచిగా ఉందని చెప్పడం అన్నమాట. అరుపు అరుపుకీ ముఖంలో ఒక్క గీత మారదు, కళ్లార్పడు, మన వైపు కూడా చూడడు. ఆ ఒక్క సీనుతో జపాన్ మొత్తం ఆయన ఇంటి మనిషైపోయింది. రెండు గంటలు తిరక్కుండానే అకాజా అనే గులాబీ జుట్టు రాక్షసుడు ఆయన్ని చంపేశాడు. దేశమంతా ఏడ్చింది. కొందరు ఆయన వసూళ్లు తగ్గకూడదని మళ్లీ మళ్లీ వెళ్లి మరీ ఏడ్చారు.

అయిదేళ్లు గడిచాయి. ఇన్ఫినిటీ క్యాజిల్‌లో ఆ అకాజా ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. మంచాన పడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసి, పట్టుబడిన ప్రతిసారీ శిక్షగా చేతి మీద పచ్చబొట్టు వేయించుకున్న పిల్లాడు వాడు. కొడుకుని దొంగని చేసింది తన జబ్బేనని తండ్రి ఉరేసుకుంటాడు. దిక్కులేకుండా తిరుగుతున్న వాణ్ని ఒక గురువు తన్ని మరీ ఇంటికి తీసుకొచ్చి, జబ్బుతో ఉన్న కూతురికి సేవ చేయమని అప్పగిస్తాడు. తలగడ దగ్గర కూర్చుని తడిగుడ్డ మార్చే ఆ సీన్ల దగ్గర కెమెరా అస్సలు తొందరపడదు. ఆ పిల్ల కోలుకుని పెళ్లి కుదిరాక పక్క కత్తిసాము పాఠశాలవాళ్లు బావిలో విషం కలిపి ఆ పిల్లనీ గురువునీ చంపేస్తారు. వాడు వట్టి చేతులతో ఆ పాఠశాలవాళ్లని 67 మందిని చంపుతాడు. అంటే, 2020లో చచ్చినవాడి కోసం టికెట్ కొని ఏడ్చిన జనమే 2025లో చంపినవాడి కోసం టికెట్ కొని ఏడ్చారు. బాధితుడికో సినిమా, ముద్దాయికో సినిమా. ఇంత సమన్యాయం మన కోర్టుల్లో కూడా దొరకదు.

కూకట్‌పల్లిలో ఒక షోలో నా ముందు వరుసలో తండ్రీ కొడుకు కూర్చున్నారు. తండ్రి అదే రోజు విడుదలైన మన ‘మిరాయ్’కి పోదామని బయల్దేరి, ఇంట్లో ఓటింగులో ఓడిపోయి ఇక్కడికొచ్చినట్టున్నాడు. మొదటి గంట ఫోన్‌తో గడిపాడు. ఫ్లాష్‌బ్యాక్ మొదలయ్యాక కొడుకు వైపు వంగాడు.

“ఒరేయ్, వీడు మంచోడా చెడ్డోడా?”

“విలన్, డాడీ.”

“మరి నువ్వెందుకురా ఏడుస్తున్నావ్?”

“ఉష్, డాడీ, చూడండి.”

చూశాడు. కాసేపటికి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఏసీ ఎక్కువై అద్దాలు మసకబారాయని అనుకోవడానికి నేను సిద్ధమే, కానీ ముక్కు కూడా తుడుచుకున్నాడు.

ప్రభుత్వం జోక్యం కోరడానికి అసలు కారణం ఇదే. ఒక్క ఎపిసోడ్ కూడా చూడని మనిషి, రెంగోకు ఎవరో తెలియని మనిషి, పార్కింగ్ నుంచి నేరుగా లోపలికొచ్చి, పాతిక గంటలు కష్టపడి చదువుకున్న పిల్లాడితో సమానంగా ఏడవడం ఏం న్యాయం? ఆ ఇరవై నిమిషాలకు ఏ సీజనూ అక్కర్లేదు. మిగతా సినిమా నడుమ నుంచి మొదలై నడుమనే ఆగిపోయిన పొడుగాటి ఎపిసోడ్ అయితే, ఆ ముక్క మాత్రం మొదలూ చివరా ఉన్న నిఖార్సైన సినిమా. యూఫోటేబుల్ స్టూడియోవాళ్లు నీళ్లనీ నిప్పునీ అంత అద్భుతంగా గీసిన ఫైట్లన్నీ ఒకెత్తు, తడిగుడ్డ ఒకెత్తు. ఫైటు మంచి ఊపులో ఉండగా ఆపి ఫ్లాష్‌బ్యాక్‌లోకి పోతారని విసుక్కున్న అర్హులు కూడా ఉన్నారు, వాళ్ల బాధ వాళ్లది. అర్హత లేనివాళ్లని కూడా ఏడిపించే ఇలాంటి భాగాలు సెన్సారు వాళ్ల కంట ఎలా పడలేదో నాకు అర్థం కాలేదు.

టికెట్ రేటు పెంచుకోవడానికి, తెల్లవారుజామున షో వేసుకోవడానికి జీవోలు జారీ చేసే రాష్ట్రాలు మనవి. ఇంకో జీవో పెద్ద కష్టం కాదు. మిగతా రెండు భాగాలు వచ్చేలోగా ఎప్‌సెట్ తరహాలో అర్హత పరీక్ష పెట్టాలి. నమూనా ప్రశ్నలు నేనే ఇస్తాను. తాన్జిరో పేరును పంది తల తొడుక్కున్న ఇనోసుకే ఎలా ఎలా ఖూనీ చేశాడో కనీసం మూడు రకాలు రాయండి (3 మార్కులు). ఎండలో బూడిద కాకుండా నిలబడ్డ నెజుకో మొట్టమొదట ఎవరికి ఏమని పలకరింపు చెప్పింది? (2 మార్కులు). రెంగోకు మరణం గురించి కన్నీళ్లు పెట్టుకోకుండా పది వాక్యాల వ్యాసం రాయండి (10 మార్కులు, జవాబు పత్రం తడిస్తే సున్నా). మాంగా ముందే చదివేసి పక్కవాళ్లకి కథ చెప్పేసేవాళ్లకి నెగెటివ్ మార్కులుంటాయి. కోచింగ్ సెంటర్లు ఎలాగూ అమీర్‌పేటలో వాటంతట అవే వస్తాయి.

తల్లిదండ్రులకు మినహాయింపు ఇవ్వక తప్పదు, కార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి. అయితే వాళ్లు ఫ్లాష్‌బ్యాక్ సమయంలో హాలు వదిలి బయట పాప్‌కార్న్ క్యూలో నిలబడతామని ముందుగా సంతకం చేసిన అఫిడవిట్ ఇవ్వాలి, దాని మీద గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ తప్పనిసరి.